ఇరవై ఐదు తర్వాత ఇరవై ఎనిమిది

ఇరవై ఐదు తర్వాత ఇరవై ఆరు వస్తుంది. ఈపాటి లెక్క టబితా క్రౌచర్‌కి ఒకటో తరగతిలోనే వచ్చు. అందుకే జనవరిలో ఒకరోజు, కోప్‌స్టేక్ పింగాణీ ఫ్యాక్టరీ ఆఫీసులో కూర్చుని ఏ వారం ఏ సరుకు చేయాలో రాసుకునే ఫైలు తెరిచినప్పుడు, ఏడాదిలోని వారాల వరసలో ఇరవై ఐదు కింద ఇరవై ఎనిమిది కనిపించేసరికి ఆమెకి నవ్వొచ్చింది. ఇన్నేళ్లుగా వాడుతున్నారు, ఒక్కరి కంటా పడలేదా అనుకుంది. ఎవరినైనా అడిగి ఉంటే ఈ కథే ఉండేది కాదు. అడగలేదు. మధ్యలో రెండు వరసలు చేర్చింది, అంకెలు సరిచేసింది. కింద ఉన్న సరుకు పూర్తయ్యే తేదీలన్నీ వాటంతటవే రెండు వారాలు ముందుకి జరిగి బుద్ధిగా కూర్చున్నాయి. యజమాని నెవిల్ కోప్‌స్టేక్ వచ్చి భుజం మీదుగా తొంగి చూసి, "భేష్! యూనివర్సిటీ బుర్ర అంటే ఇదీ" అన్నాడు. ఆ మెచ్చుకోలు ఆమెకి వారం రోజులు సరిపోయింది.

టబితాది ఇంగ్లండ్ దక్షిణాన బేసింగ్‌స్టోక్. చదివేది బిజినెస్ మేనేజ్‌మెంట్. నాలుగేళ్ల చదువులో మూడో ఏడాదంతా ఏదో ఒక కంపెనీలో పనిచేసి రావాలి. దాన్ని ప్లేస్‌మెంట్ ఏడాది అంటారు. పేరు బాగానే ఉంటుంది గానీ ఆ కంపెనీని వెతుక్కోవడం మాత్రం విద్యార్థి తలరాత. టబితా నలభై మూడు దరఖాస్తులు పెట్టింది. ముప్పై మంది జవాబే ఇవ్వలేదు. పన్నెండు మంది ఎంతో మర్యాదగా వద్దన్నారు. మిగిలిన ఆ ఒక్కటే ఇది. తోటివాళ్లు లండన్ అద్దాల మేడల్లోంచి మెడలో కార్డులు వేలాడేసుకుని ఫోటోలు పెడుతుంటే, టబితా ఉత్తరాదిన కుమ్మరుల ఊరు బర్స్‌లెమ్‌లో బూట్ల నిండా తెల్లటి మట్టిదుమ్ముతో తిరుగుతోంది. మొదట్లో చిన్నతనంగా ఉండేది. తర్వాత ఆ దుమ్మే ముద్దొచ్చింది.

ఏడాది ముగిసేలోగా కంపెనీవాళ్లు ఒక ఫారం నింపి యూనివర్సిటీకి పంపాలి. అందులో పది ప్రశ్నలు. ఏ ఒక్కదాని పక్కన 'సంతృప్తికరం కాదు' అని పడినా ఆ ఏడాది లెక్కలోకి రాదు. పట్టా మీద ప్లేస్‌మెంట్ అన్న మాటే ఉండదు, పన్నెండు నెలలు గంగలో కలిసినట్టే. ఆ ఫారం నింపాల్సిన మనిషి గ్లెండా కోక్లీ.

గ్లెండాకి యాభై ఎనిమిదేళ్లు. ఏ వారం ఏ మట్టి తిరగాలో, ఏ పళ్లెం ఎప్పుడు బట్టీలోకి వెళ్లాలో ముప్పై ఒక్క ఏళ్లుగా నిర్ణయిస్తున్నది ఆవిడే. నెవిల్‌ని నిక్కర్లేసుకుని తిరిగే రోజుల నుంచీ ఎరుగును కాబట్టి యజమాని అన్న భయం ఆవిడకి ఏ కోశానా లేదు. కంప్యూటర్ ఫైలు పెట్టమన్నారు కాబట్టి పెట్టింది గానీ చూసేది గోడ మీది క్యాలెండరే. దానికి ఒక పెన్సిల్ దారంతో వేలాడుతూ ఉంటుంది. టబితాని వచ్చిన మొదటి రోజే "ఏం తల్లీ, చలికి తట్టుకోగలవా? ఈ పల్చటి కోటేంటి?" అని అడిగి, మర్నాడు తన కూతురి పాత కోటు తెచ్చి కుర్చీకి తగిలించింది.

మే నెల పద్నాలుగో తేదీ, మంగళవారం. పొద్దున్న టీ వేళ. రంగులు వేసే విభాగంలో పనిచేసే డాట్ అనే పెద్దావిడ కప్పు పట్టుకుని టబితా పక్కన చతికిలబడింది.

"అయితే సెలవులకి ఎక్కడికి పిల్లా? అమ్మావాళ్ల దగ్గరికా?"

"ఏ సెలవులకండీ?"

"ఏ సెలవులేంటి! కుమ్మరి సెలవులు." డాట్ ఆమె మొహంలోకి చూసింది. "జూన్ ఆఖరి వారం, జూలై మొదటి వారం. ఊరు ఊరంతా మూత. మా ముత్తాతల కాలం నుంచీ అంతే. బట్టీ కూడా చల్లార్చేస్తారు. మేమైతే లాండుడ్నో. ప్రతి ఏడూ అదే సముద్రం, అదే వాన, మా ఆయనదీ అదే సణుగుడు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. టబితా కూడా నవ్వింది, రెండు క్షణాలు ఆలస్యంగా. జూన్ ఆఖరి వారం అంటే ఇరవై ఆరో వారం. జూలై మొదటి వారం అంటే ఇరవై ఏడు. కప్పు బల్ల మీద పెట్టింది గానీ అది బల్ల అంచున పడింది. డాట్ చటుక్కున పట్టుకోబట్టి సరిపోయింది.

తప్పు ఎవరిదంటే ఏం చెప్పగలం? ఆ ఊళ్లో ఆ రెండు వారాల సంగతి ఎవరూ ఎక్కడా రాయరు. ఆదివారం సెలవని ఎవరైనా బోర్డు కడతారా? ఉద్యోగ పత్రంలో కూడా 'సెలవులు ఫ్యాక్టరీ ఆనవాయితీ ప్రకారం' అని ఒక్క ముక్క ఉంది. టబితా ఆ ముక్కని రెండుసార్లు చదివే సంతకం పెట్టింది.

వెనక్కి వచ్చి ఫైలు తెరిచింది. చిన్నచిన్న దుకాణాల ఆర్డర్లకి పరవాలేదు, వాళ్లు నెల ఆలస్యమైనా ఊరుకుంటారు. కానీ గ్లాన్‌మోర్ ఉంది. లాండుడ్నోలో కొత్తగా తెరవబోతున్న హోటల్. నీలం అంచు మీద చేత్తో గీసిన చిన్న పిట్ట ఉండే సరుకు, పళ్లేలూ కప్పులూ కలిపి పద్దెనిమిది వందలు. ఆరు వారాల పని. ఇరవై రెండో వారంలో మొదలుపెడితే ఇరవై ఏడుకి పూర్తని ఫైలు చెప్పింది. ఆ ఫైలుని నమ్ముకుని 'జూలై ఐదుకల్లా మీ గుమ్మంలో ఉంటాయి' అని హోటల్‌కి ఉత్తరం రాసింది టబితాయే. ఆ ఉత్తరాన్ని నమ్ముకుని వాళ్లు జూలై పదిన ప్రారంభోత్సవం పెట్టుకున్నారు. జూలై ఐదున ఈ ఫ్యాక్టరీలో పిల్లి కూడా ఉండదు.

గ్లెండాకి ఇదేమీ తెలీదు. ఆవిడ గోడ క్యాలెండర్ మీద గ్లాన్‌మోర్ పని మే ఇరవై ఏడున మొదలై, సెలవులు దాటుకుని, జూలై మూడో వారంలో ముగుస్తుంది. ఎవరి లెక్క ప్రకారం వాళ్లు నిశ్చింతగా ఉన్నారు.

చెప్పేయాలి అనుకుంది టబితా. ఇప్పుడే, ఈ నిమిషంలోనే. లేచి గ్లెండా బల్ల దగ్గరికి వెళ్లింది. ఆవిడ తలెత్తకుండానే ఒక కాగితం పొట్లం ఇటు తోసింది. "ఓట్‌కేకు. చీజూ బేకనూ పెట్టించా. పొద్దున్నుంచీ ఏమీ తిన్నట్టు లేవు, మొహం అలా పీక్కుపోయిందేంటి?"

టబితా నోరు తెరిచింది. తెరిచిన నోట్లో ఆ ఓట్స్ పిండి అట్టు పెట్టుకుంది. అలా గడిచిపోయింది మొదటి రోజు.

వచ్చే వారం గురువారం యూనివర్సిటీ నుంచి డాక్టర్ లీమింగ్ వస్తున్నాడు. ప్లేస్‌మెంట్ విద్యార్థుల్ని చూసుకునే మేష్టారు ఆయనే. ఆయన వచ్చేసరికి గ్లెండా ఆ ఫారం నింపి ఉంచాలి. ఆయన వచ్చి వెళ్లాక చెబుదాం అన్న ఆలోచన టబితాకి ఎప్పుడొచ్చిందో ఆమెకే తెలీదు. వచ్చాక మాత్రం పోలేదు. శుక్రవారం చెప్పినా అదే కదా, ఇంకో వారంలో మునిగిపోయేదేముంది అని తనకి తనే సర్ది చెప్పుకుంది. మనసుకి సర్ది చెప్పడంలో మంచి విద్యార్థుల్ని మించినవాళ్లు లేరు.

బుధవారం బట్టీ చూసుకునే క్లైవ్ దగ్గరికి వెళ్లి, ఏదో కాలక్షేపానికి అడిగినట్టు అడిగింది. "సెలవుల్లో అవసరమైతే బట్టీ ఒక్కటీ నడిపించొచ్చా, క్లైవ్?"

"నడిపించొచ్చు," అన్నాడు క్లైవ్, "నా శవం మీదుగా. లోపలి ఇటుకలు మార్చేది ఏడాదికి ఆ పదిహేను రోజుల్లోనే. ఎందుకమ్మా, ఇంట్లో కేకు ఏమైనా కాల్చుకోవాలా?"

ఆమె నవ్వి వచ్చేసింది. ఆ నవ్వు కాస్తా మెట్ల దగ్గరే అయిపోయింది.

శనివారం వాళ్లమ్మ ఫోన్ చేసింది. "అంతా బాగానే ఉందా? నీ గొంతేంటి అలా ఉంది?" అంటే, "బాగానే ఉందమ్మా, కొంచెం పని ఎక్కువ" అంది. సోమవారం గ్లాన్‌మోర్‌కి ఒక ఉత్తరం మొదలుపెట్టింది. 'అనివార్య కారణాల వల్ల' అని రాసి, ఆ కారణం తనే కదా అని కొట్టేసింది. మళ్లీ రాసి, మళ్లీ కొట్టేసింది. తిండి సయించడం లేదు. ఎవరైనా "టబితా" అని పిలిస్తే చాలు, అయిపోయింది, తెలిసిపోయింది అనుకుంటోంది. తీరా వెళ్తే స్టేప్లర్ ఎక్కడ పెట్టావనో, టీలో చక్కెర ఎంత అనో.

వీటన్నిటినీ మించిన సంగతి ఇంకోటుంది. యూనివర్సిటీకి పంపే తన నివేదికలో ఆమె ఒక అధ్యాయం రాసి, ఏప్రిల్‌లోనే లీమింగ్‌కి పంపేసింది. 'ప్రణాళిక ఫైలులో దీర్ఘకాలంగా ఉన్న లోపాన్ని గుర్తించి సరిదిద్దడం' అని దాని పేరు. రెండు రంగుల్లో పట్టిక కూడా వేసింది.

మంగళవారం, అంటే లీమింగ్ రావడానికి రెండు రోజుల ముందు, గ్లెండా ఫారం ముందేసుకుని కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని కూర్చుంది. ఏదో కూనిరాగం తీస్తోంది.

"ఇలా రా తల్లీ. ఇది చూడు. 'సమస్యలను సకాలంలో తెలియజేస్తుంది.' దీని పక్కనేం పెట్టమంటావు? నీకసలు సమస్యలే రాలేదు కదా!"

ఇంతకంటే మంచి సందర్భం దేవుడు కూడా ఇవ్వడు. గ్లెండా పెన్ను పైకెత్తి, కళ్లజోడు మీదుగా చూస్తూ ఎదురుచూస్తోంది. ఒక్క వాక్యం చాలు.

"మీ ఇష్టం," అంది టబితా.

"నా ఇష్టమైతే ఇదిగో," అని గ్లెండా 'చాలా బాగా' అన్న గడిలో టిక్కు పెట్టేసింది. "మొహమాటాల మహాలక్ష్మివి నువ్వు."

టబితా బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పి, నీళ్లు అలా పోతుండగా కాసేపు అద్దం ముందు నిలబడింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

గురువారం పొద్దున్న తొమ్మిదింపావుకి ఫోన్ మోగింది. టబితా ఇంకా కోటు విప్పలేదు. గ్లెండా ఎత్తింది. "కోప్‌స్టేక్... ఆఁ, గ్లాన్‌మోరా, చెప్పండమ్మా." అవతలి మనిషి చాలా సేపు మాట్లాడింది. గ్లెండా మధ్యలో "ఐదా? జూలై ఐదా?" అంది. తర్వాత "ఉత్తరంలోనా?" అంది. చివరికి, "నేను కనుక్కుని మీకు చేస్తాను" అని ఫోన్ పెట్టేసింది.

పెట్టేసి, కంప్యూటర్‌లో ఫైలు తెరిచింది. నెలల తర్వాత ఆవిడ ఆ ఫైలు తెరవడం అదే. ఇరవై ఐదు, ఇరవై ఆరు, ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది. వరసన చక్కగా ఉన్నాయి. ఆవిడ వాటి వంక చూస్తూ ఉండిపోయింది.

ఈలోగా నెవిల్ మెట్లు దిగి వచ్చాడు. హోటల్‌వాళ్లు ఆయనకి కూడా వేరేగా ఫోన్ చేశారు. "ఎవరు రాశారా ఉత్తరం? జూలై ఐదేంటి? ఆ రోజు నేనే స్పెయిన్‌లో ఉంటాను!"

"ఆ ఫైలు నాది, నెవిల్. అడిగేదేదో నన్నడుగు," అంది గ్లెండా.

"గ్లెండా, పిచ్చా నీకు? ముప్పై ఏళ్లుగా..."

"ముప్పై ఏళ్లుగా ఆ రెండు వరసలూ ఎందుకు లేవో నేనెక్కడా రాయలేదు. బయటి ఊరి పిల్ల వచ్చి చూస్తే ఏమనుకుంటుంది? తప్పనుకుంటుంది, దిద్దుతుంది. నేనైనా దిద్దేదాన్నే. నువ్వు పైకి పో, నేను చూసుకుంటా. యూనివర్సిటీ ఆయన వచ్చే వేళయింది."

నెవిల్ గొణుక్కుంటూ వెళ్లాడు. గ్లెండా టబితా వైపు తిరిగింది. "భయపడకు. తప్పులు నేనూ చేశా. ఒకసారి ఒక బిషప్పు గారి విందుకి వెళ్లాల్సిన పళ్లేలు పొరపాటున జైలుకి పంపించా. ఖైదీలు మహా సంతోషించార్లే. మరీ అంత తెల్లగా అయిపోకు, వచ్చినాయన దడుచుకుంటాడు."

టబితా అప్పటికి కోటు విప్పి కుర్చీకి తగిలించింది. ఇంతలో తలుపు తట్టారు.

డాక్టర్ లీమింగ్ సన్నగా, పొడుగ్గా, తడిసిన గొడుగుతో వచ్చాడు. టీ తీసుకున్నాడు, బిస్కెట్టు వద్దన్నాడు, తర్వాత రెండు తిన్నాడు. టబితా నివేదిక కాగితాలు బల్ల మీద పరిచాడు. ఆ రంగుల పట్టిక పైనే ఉంది.

"నాకు బాగా నచ్చింది ఈ అధ్యాయం. ఎన్నో ఏళ్లుగా ఉన్న లోపాన్ని పట్టుకుని సరిదిద్దింది. మా విద్యార్థుల్లో ఇది అరుదు. మీరేమంటారు?"

గ్లెండా టీ ఒక గుక్క తాగింది. "చూడండి, అది లోపం కాదు. ఇక్కడ ఆ రెండు వారాలూ సెలవు, అందుకని ఉండవు. ఆ సంగతి నేను రాసి పెట్టుకోలేదు. దానివల్ల ఒక హోటల్ తేదీ తప్పింది, ఇవాళ పొద్దున్నే తెలిసింది. పొరపాటు నాది. ఈ పిల్లకి దానితో సంబంధం లేదు. ఫారంలో నేను పెట్టిన టిక్కులు పెట్టినట్టే ఉంటాయి."

"అలాగా," అన్నాడు లీమింగ్. ఆయన పెన్ను తీసి ఏదో రాసుకున్నాడు. "మంచిదే. నేర్చుకోవడానికి ఇదీ ఒక అవకాశమే. అయితే ఇక ఇబ్బందేం లేదు."

ఇబ్బందేం లేదు. టబితా ఆ మాట విన్నది. ఫారం గ్లెండా మోచేతి దగ్గరే ఉంది, పది టిక్కులతో. ఇంకో పావుగంట నోరు మూసుకుంటే చాలు, ఏడాది దక్కుతుంది. గ్లెండా కూడా అదే కోరుకుంటోంది. గోడ మీద క్యాలెండర్, దారానికి పెన్సిల్, ఇరవై ఐదు కింద ఏమీ రాయని రెండు ఖాళీ వరసలు. అన్ని నెలలుగా అవి ఆమె కళ్లెదుటే ఉన్నాయి.

"నాకు ముందే తెలుసు," అంది టబితా.

ఇద్దరూ ఆమె వైపు చూశారు.

"ఇవాళ పొద్దున్న కాదు. డాట్ చెప్పింది. పద్నాలుగో తేదీన. అప్పుడే ఫైలు చూసుకున్నా, అప్పుడే అర్థమైంది. చెప్పలేదు. ఈ ఫారం అయిపోయాక చెబుదామని..." ఆమె ఆగిపోయింది. ఏడుపు వస్తుందనుకుంది గానీ రాలేదు. ఆ మాట అంత పొడిగా వినిపించేసరికి ఆమెకే భయమేసింది.

గ్లెండా కప్పు కింద పెట్టి, లేచి, క్యాలెండర్ దగ్గరికి వెళ్లింది. పద్నాలుగు మీద వేలు పెట్టి, వారాల అంకెలు చదువుతూ కిందికి దించుకుంటూ వచ్చింది. "ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై రెండు, మూడు, నాలుగు, ఐదు." వేలు అక్కడ ఆగింది. "ఆరు వారాలు."

"ఒకరోజు అటూ ఇటూ," అంది టబితా గొణుగుతున్నట్టు.

"ఆ రోజే చెప్పుంటే, ఒకరోజు అటూ ఇటూ అయినా క్లైవ్ చేసేవాడు. పొద్దున్న గంట ముందొచ్చి చేసేవాడు. వీళ్లకి అలాంటివి అలవాటే, అడిగితే చాలు." గ్లెండా ఇటు తిరగలేదు. "ఇప్పుడు నాలుగున్నాయి. నాలుగు వారాల్లో ఆరు వారాల పని దేవుడు కూడా చేయలేడు." క్యాలెండర్ మీంచి వేలు తీసి, "మంగళవారం కదూ అది? ఓట్‌కేకు తెచ్చిన రోజు" అంది.

"అవునండీ."

"మొన్న ఫారం చూపించి అడిగాను కూడా."

టబితా తల వంచుకుంది. వరసలు చేర్చినందుకు ఈ గదిలో ఎవరికీ కోపం లేదు. జనవరిలో చేసిన తప్పుకి గ్లెండా అడ్డం నిలబడింది, నిలబడగలిగింది. ఈ తొమ్మిది రోజులకి అడ్డం నిలబడటానికి ఎవరికీ చోటు లేదు. ఇది టబితాకి అప్పుడు తెలిసింది.

లీమింగ్ ఇబ్బందిగా కదిలాడు. "నేను కాసేపు బయట ఉండనా?"

"కూర్చోండి. మీరు నేర్పే చదువే ఇది," అంది గ్లెండా. తర్వాత టబితాతో, "ముందు గ్లాన్‌మోర్‌కి ఫోన్ చెయ్. ఉత్తరం కాదు, ఫోను. ఇక్కడి నుంచే" అంది.

"ఏం చెప్పను?"

"జరిగింది చెప్పు. పళ్లేల వరకూ సెలవుల్లోపు ఇస్తాం, పదకొండు వందలు, పిట్టతో సహా. చేతిపిడి ఉన్న కప్పులకి కాలం చాలదు. అవి వచ్చేదాకా మన గిడ్డంగిలోంచి తెల్ల కప్పులు పంపుతాం, వాడుకుని తిరిగిచ్చేయమను. ఒప్పుకుంటే సరే. తిడితే విను. మధ్యలో అడ్డు రాకు."

టబితా ఫోన్ తీసింది. నంబరు రెండుసార్లు తప్పు నొక్కింది. హోటల్ మేనేజరమ్మ ముందు మర్యాదగా ఉంది, తర్వాత మర్యాద మానేసింది. పత్రికలవాళ్లని పిలిచామంది. మీ నీలం అంచు చూసే కర్టెన్లు కుట్టించామంది. నీ వయసెంత అని అడిగింది. టబితా ఇరవై ఒకటి అని చెప్పింది. ఆ ఉత్తరం నేనే రాశాను, తేదీ తప్పని తొమ్మిది రోజుల నుంచి నాకు తెలుసు, మీకు చెప్పకపోవడం నా తప్పు అని కూడా చెప్పింది. లీమింగ్ బిస్కెట్టు చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. చివరికి ఆవిడ, "తెల్ల కప్పుల మీద మాత్రం ఒక్క గీత ఉన్నా ఊరుకోను" అని ఫోన్ పెట్టేసింది.

"ఒప్పుకున్నారు," అంది టబితా. వీపు మీద చొక్కా చెమటకి అతుక్కుపోయింది.

గ్లెండా తల ఊపింది. సరే అన్నట్టు తప్ప, మరో అర్థం అందులో లేదు. వచ్చి కూర్చుని ఫారం ముందుకి లాక్కుంది. సమస్యలను సకాలంలో తెలియజేయడం గురించిన ఏడో ప్రశ్న దగ్గర తను పెట్టిన టిక్కుని రెండు అడ్డగీతలతో కొట్టేసి, పక్కన చిన్నగా సంతకం చేసింది. ఆ వరసలో నాలుగు గడులున్నాయి. పెన్ను వాటి మీద ఆగింది. చివరి గడి 'సంతృప్తికరం కాదు'. టబితా కళ్లు మూసుకుందామనుకుని, మూసుకోలేదు.

గ్లెండా పెన్ను మూత పెట్టింది. "ఇది ఇవాళే నింపాలా?" అని లీమింగ్‌ని అడిగింది.

"మిగతావి నేను నమోదు చేసుకుంటాను. ఇది ప్లేస్‌మెంట్ ముగిసే రోజులోపు పంపినా చాలు. కానీ ఖాళీగా ఉంటే మాత్రం ఏడాది చెల్లదు."

"తెలుసు. ఖాళీ అంటే ఏంటో మా ఊరివాళ్లకి మీరు చెప్పక్కర్లేదు." ఆవిడ టబితా వైపు చూసింది. తొమ్మిది నెలల్లో ఆవిడ 'తల్లీ' అనకుండా మాట్లాడింది ఆ ఒక్కసారే. "టబితా, నీకింకా ఎన్ని వారాలుంది ఇక్కడ?"

ఆగస్టు ముప్పై దాకా. టబితా మనసులో గబగబా లెక్క వేసింది. ఇరవై రెండు నుంచి ముప్పై ఐదు. "పద్నాలు..." అని సగంలో ఆగింది. గోడ మీది క్యాలెండర్‌లో ఆ రెండు ఖాళీ వరసల వైపు చూసింది.

"పన్నెండు," అంది.

గ్లెండా ఫారాన్ని మడవకుండా సొరుగులో పెట్టింది. దారం తెంపి, దానికి వేలాడుతున్న పెన్సిల్‌ని టబితా చేతిలో పెట్టి, "క్లైవ్ దగ్గరికి నువ్వే వెళ్లి చెప్పు, రేపటి నుంచి గంట ముందు రావాలని. నువ్వు కూడా రావాలి" అంది.